పైపొట్ట నొప్పికి బీపీ ఒక్కటే చూస్తే చాలదు

గర్భిణుల కోసం రాసే సలహాల్లో గుండెల్లో మంట గురించి ఒక పేరా తప్పకుండా ఉంటుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి, తిన్న వెంటనే పడుకోకండి, తల వైపు ఎత్తు పెట్టుకోండి, అవసరమైతే యాంటాసిడ్ వేసుకోండి అని చెప్తారు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఆ పేరా అక్కడితో ఆగిపోవడమే నాకు అభ్యంతరం. ఐదో నెల దాటాక వచ్చే పైపొట్ట నొప్పికి యాంటాసిడ్‌తో తగ్గని కారణం ఒకటుంది. అది అరుదుగా వస్తుంది, కానీ వచ్చాక గంటల లెక్కన ముదురుతుంది. దాన్ని పట్టించేవి మూడు మామూలు రక్తపరీక్షలు. ఆ సంగతి కూడా అదే పేరాలో, అంతే స్పష్టంగా ఉండాలి.

నేను చెప్తున్నది హెల్ప్ (HELLP) సిండ్రోమ్ గురించి. ఎర్ర రక్తకణాలు చిట్లిపోవడం, కాలేయ ఎంజైములు పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఈ మూడూ కలిసి వచ్చే జబ్బు ఇది. అంతకుముందు కూడా వైద్యులు ఇలాంటి కేసులు చూశారు గానీ, ఈ పేరు పెట్టి విడిగా వివరించింది అమెరికన్ ప్రసూతి వైద్యుడు లూయిస్ వైన్‌స్టీన్, 1982లో. ప్రతి 1,000 గర్భాల్లో 5 నుంచి 9 దాకా ఇలా అవుతాయని అంచనా. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లలో అయితే 10 నుంచి 20 శాతం మందికి వస్తుంది. ఎక్కువగా 27 వారాలకూ 37 వారాలకూ మధ్య బయటపడుతుంది. దాదాపు మూడోవంతు మందిలో కాన్పు అయ్యాకే కనబడుతుంది.

బీపీ మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో పైపొట్ట నొప్పి ఉన్న గర్భిణిని గ్యాస్ అని చెప్పి పంపించకూడదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే.

బీపీ మీద అంత భరోసా ఎందుకు?

గర్భిణుల పరీక్షల పద్ధతి అంతా బీపీ పట్టీ చుట్టూ, మూత్రంలో ప్రొటీన్ చూసే పుల్ల చుట్టూ కట్టుకున్నది. అలా కట్టడంలో న్యాయం ఉంది. ప్రీఎక్లాంప్సియా చాలా ఎక్కువమందికి వస్తుంది, ఆ రెండు పరీక్షలూ చౌక, ఎక్కడైనా చేయొచ్చు. ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి వాటివల్ల. ఇబ్బంది ఎక్కడంటే, హెల్ప్ సిండ్రోమ్ వచ్చినవాళ్లలో 10 నుంచి 20 శాతం మందికి మొదట చూసినప్పుడు బీపీ గానీ, మూత్రంలో ప్రొటీన్ గానీ హద్దు దాటి ఉండదు. రెండు ద్వారాల దగ్గరా కాపలా ఉన్నా, వీళ్లు మూడో దారిన వెళ్లిపోతారు.

అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే నొప్పి ఎక్కడినుంచి పుడుతుందో చూడాలి. మాయ సరిగా పాతుకోనప్పుడు, తల్లి గర్భాశయంలోని సన్నని ధమనులు కావలసినంత వెడల్పు కావు. రక్తం చాలని మాయ, ఎస్‌ఎఫ్ఎల్‌టీ-1 లాంటి ప్రొటీన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న చోటల్లా ప్లేట్‌లెట్లు అతుక్కుని ఖర్చయిపోతాయి, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులు అడ్డంగా అల్లుకుంటాయి. వాటి మధ్య నుంచి దూరిపోతూ ఎర్రకణాలు ముక్కలవుతాయి. కాలేయంలోని సన్నని రక్తమార్గాల్లోనూ ఇదే జరిగితే అక్కడి కణాలు చచ్చి ఎంజైములు బయటికొస్తాయి, కాలేయం ఉబ్బి పైనున్న పొర సాగుతుంది. కుడి పక్కటెముకల కింద, లేదా రొమ్ము ఎముక కింది గుంటలో వచ్చే నొప్పి ఆ పొర సాగడం వల్లనే. ఈ పని కాలేయంలో జోరుగా సాగుతూ, చేతి దగ్గర కొలిచే బీపీ ఇంకా 130/84 దగ్గరే ఉండటం సాధ్యమే.

ఆ 130/84 గురించి కూడా ఒక మాట. మూడో నెలలో 100/60 ఉన్న మనిషికి ఎనిమిదో నెలలో 130/84 ఉంటే, 140/90 గీత దాటలేదు కాబట్టి అది రోగనిర్ధారణ కిందికి రాదు. కానీ పైపొట్ట నొప్పి కూడా ఉన్నప్పుడు ఆ తేడాను చూడకుండా ఉండకూడదు. పాత కార్డు తిరగేసి చూడటానికి ఒక నిమిషం పడుతుంది.

ఈ నొప్పికి ఇంకో గుణం ఉంది, చాలా మోసం చేసేది. రాత్రిళ్లు ఎక్కువై, పగలు నెమ్మదించడం ఇందులో తరచుగా కనిపించే తీరు. రాత్రి రెండింటికి మెలిపెట్టిన నొప్పి తెల్లవారేసరికి తగ్గుతుంది. తగ్గింది కదా అని ఆ రోజు ఆస్పత్రికి వెళ్లడం మానేస్తారు. వెళ్లినా, పరీక్ష చేసే సమయానికి మనిషి తేలిగ్గానే కనిపిస్తుంది. రాత్రి ఎలా ఉందో అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే "ఇప్పుడు నొప్పి ఉందా?" అన్న ప్రశ్న చాలదు, "నిన్న రాత్రి నిద్రపోయారా?" అని కూడా అడగాలి.

మరి అందరికీ పరీక్షలు చేయాలా?

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. గర్భిణుల్లో సగానికి పైగా గుండెల్లో మంట అంటారు. అందరికీ రక్తం తీస్తే వేలమందిలో ఏమీ దొరకదు. ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువున్నాయనో, ఏదో ఎంజైము కొంచెం ఎక్కువుందనో ఆరోగ్యంగా ఉన్న మనిషిని భయపెట్టి, మళ్లీ మళ్లీ తిప్పి, చివరికి అక్కర్లేని కాన్పు దాకా తీసుకెళ్లే ప్రమాదమూ ఉంది. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నెలలు నిండని కాన్పుకి బిడ్డ చెల్లించే మూల్యం చిన్నది కాదు.

కానీ నేను అడుగుతున్నది మంట ఉన్న ప్రతివాళ్లకీ పరీక్షలు కాదు. మంటకీ ఈ నొప్పికీ తేడా చాలాసార్లు మాటల్లోనే దొరుకుతుంది. మంట పైకి, గొంతు దాకా ఎగదన్నుతుంది, నోట్లో పులుపు తెస్తుంది, భోజనానికీ పడుకోవడానికీ ముడిపడి ఉంటుంది, యాంటాసిడ్ వేసుకుంటే కాసేపట్లో తగ్గుతుంది, నెలల తరబడి ఒకే తీరులో ఉంటుంది. కాలేయపు నొప్పి కొత్తగా వస్తుంది. బరువుగా, నొక్కినట్టుగా, ఆగకుండా ఉంటుంది. వీపులోకో కుడి భుజంలోకో పాకవచ్చు. యాంటాసిడ్‌కి లొంగదు. తోడుగా వికారం, వాంతులు ఉంటాయి. మొదటి మూడు నెలల్లో వాంతులు సహజం, ఏడో నెలలో కొత్తగా మొదలైన వాంతులు సహజం కాదు. చాలామంది చెప్పే ఇంకో లక్షణం, ఏదో వైరల్ జ్వరం రాబోతున్నట్టుగా ఒళ్లంతా నీరసం, "ఏదో బాగాలేదు" అన్న భావన. తలనొప్పి, కళ్లముందు మెరుపులు, మొహం హఠాత్తుగా ఉబ్బడం ఉంటే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

నా మట్టుకు గీత ఇక్కడ గీస్తాను: 20 వారాలు దాటాయి, నొప్పి కొత్తది, యాంటాసిడ్‌తో తగ్గలేదు లేదా రెండో రాత్రి మళ్లీ వచ్చింది, లేదా పక్కన వాంతులో నీరసమో తలనొప్పో ఉంది. వీళ్లకి అదే రోజు రక్తం తీయాలి, బీపీ ఎంతున్నా సరే. పూర్తి రక్తకణాల లెక్క, కాలేయ ఎంజైములైన ఏఎస్‌టీ-ఏఎల్‌టీ, కణాలు చిట్లితే పెరిగే ఎల్‌డీహెచ్. వీటితో పాటు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. ఏ మాదిరి ల్యాబులోనైనా జరిగే పరీక్షలే. ఇలా వడకడితే మిగిలేది కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఎక్కువమందికి ఏమీ లేదని తేలినా, అది వృథా అయిన పరీక్ష అని నేను అనుకోను.

ఒక జాగ్రత్త. కాలేయం ఉబ్బి ఉందేమో చూద్దామని పక్కటెముకల కింద పదే పదే గట్టిగా నొక్కకూడదు. పొర కింద రక్తం గడ్డకట్టి ఉంటే అది చిట్లే ప్రమాదం ఉంది.

రిపోర్టులో అంకెలు

ఎక్కువగా వాడే టెన్నెసీ కొలతల ప్రకారం ప్లేట్‌లెట్లు 1,00,000 లేదా అంతకన్నా తక్కువ, ఏఎస్‌టీ 70 యూనిట్లు లేదా ఎక్కువ, ఎల్‌డీహెచ్ 600 లేదా ఎక్కువ ఉంటే హెల్ప్ సిండ్రోమ్ అంటారు. మిసిసిపీ పద్ధతి ప్లేట్‌లెట్లను బట్టి మూడు తరగతులు చేస్తుంది: 50,000 లోపు మొదటిది, అన్నిటికన్నా తీవ్రం, 1,00,000 దాకా రెండోది, 1,50,000 దాకా మూడోది. ఈ మూడో తరగతిని నేను ముఖ్యమైనదిగా చూస్తాను. జబ్బు ఇంకా ఎక్కుతున్న మెట్టు మీద చాలామంది అక్కడే దొరుకుతారు.

రిపోర్టు పక్కన అచ్చువేసిన "నార్మల్" హద్దులు గర్భిణుల కోసం రాసినవి కావు. అక్కడ పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాయ నుంచి కూడా వస్తుంది కాబట్టి చివరి నెలల్లో పెరగడం మామూలే, దాన్ని చూసి కంగారుపడక్కర్లేదు. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అలా కాదు, గర్భంలో అవి పెరగకూడదు. ఫైబ్రినోజెన్ గర్భం చివర్లో సాధారణంగా 400 నుంచి 600 మి.గ్రా. దాకా ఉంటుంది. 250 వస్తే ల్యాబు కాగితం నార్మల్ అంటుంది, నిజానికి అది రక్తం గడ్డకట్టే శక్తి కరిగిపోతోందన్న సూచన. హిమోగ్లోబిన్ బాగానే ఉందని ఎర్రకణాలు చిట్లడం లేదని అనుకోకూడదు. రక్తనాళాల్లోని నీరు బయటికి కారిపోవడంతో రక్తం చిక్కబడి అంకె నిలబడినట్టే కనిపిస్తుంది. ఎర్రకణాల ముక్కలు ఉన్నాయేమో స్లైడు మీద చూడమని అడగాలి. ఎర్రకణాలు చిట్లితే తగ్గిపోయే హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ పరీక్ష దొరికితే అది మరింత నమ్మకమైనది.

ప్లేట్‌లెట్లు ఒక్కటే కొంచెం తగ్గి, ఎంజైములు మామూలుగా ఉంటే చాలావరకు అది గర్భంలో సహజంగా వచ్చే తగ్గుదల. అది సాధారణంగా 1,00,000 కిందికి దిగదు. అయినా పాత లెక్కతో పోల్చండి. నాలుగో నెలలో 2,60,000, ఇప్పుడు 1,40,000 అంటే ఆ పతనాన్ని గమనించాలి. ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దకట్టి యంత్రం తక్కువ చూపించే సందర్భాలూ ఉన్నాయి, స్లైడు చూస్తే తెలుస్తుంది. అలాగే రక్తం కష్టంగా తీసినా, ట్యూబుని గట్టిగా ఊపినా, ల్యాబుకి ఆలస్యంగా చేరినా కణాలు ట్యూబులోనే చిట్లి ఎల్‌డీహెచ్, పొటాషియం, కొంతవరకు ఏఎస్‌టీ కూడా ఎక్కువగా వస్తాయి. అలాంటప్పుడు శాంపిల్ పాడైందని కాగితం మీద రాసి వదిలేయకుండా వెంటనే మళ్లీ తీయాలి. ఎందుకంటే ఒంట్లో కణాలు నిజంగానే చిట్లుతున్నా ట్యూబు అలాగే ఎర్రగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఒక్క రిపోర్టు చూసి తేల్చేయడం. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు 24 గంటల్లో 35 నుంచి 50 శాతం దాకా పడిపోగలవు. ఉదయం 1,30,000 ఉన్న మనిషికి మర్నాడు 70,000 ఉండొచ్చు. నొప్పి తగ్గకపోతే 6 నుంచి 12 గంటల్లో మళ్లీ తీయాలి. "మొన్న చేయించాం, బాగానే ఉంది" అన్నది ఈ జబ్బులో జవాబు కాదు.

ఇదే కాకపోతే?

ఇలాగే కనిపించేవి కొన్ని ఉన్నాయి. గర్భంలో వచ్చే తీవ్రమైన ఫ్యాటీ లివర్‌లో రక్తంలో చక్కెర పడిపోతుంది, ప్రోత్రాంబిన్ సమయం (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) పెరుగుతుంది, అమ్మోనియా ఎక్కువవుతుంది. హెల్ప్‌లో మొదట్లో ప్రోత్రాంబిన్ సమయం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కాబట్టి గ్లూకోజు చూడటం ఎప్పుడూ మరిచిపోకూడదు. సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టే అరుదైన జబ్బు టీటీపీలో ప్లేట్‌లెట్లు విపరీతంగా పడతాయి గానీ ఎంజైములు అంతగా పెరగవు. అడామ్‌టీఎస్-13 అనే ఎంజైము చురుకుదనం 10 శాతం లోపు ఉంటుంది, దానికి ప్లాస్మా మార్పిడి చేయకపోతే మనిషి దక్కడం కష్టం. వైరల్ హెపటైటిస్, జ్వరంతో వచ్చే డెంగీ, పిత్తాశయంలో రాళ్లు, లూపస్ కూడా మనసులో ఉండాలి. కాన్పు అయి మూడు రోజులు దాటినా అంకెలు మెరుగుపడక, క్రియాటినిన్ పెరుగుతూ పోతుంటే హెల్ప్ అనే పేరుని పక్కనపెట్టి మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి.

ఇంకో వారం ఆగకూడదా?

తేలిన తర్వాత కుటుంబం అడిగే మొదటి ప్రశ్న ఇదే. 29 వారాల బిడ్డకి ఒక్కో రోజూ విలువైనదే కాబట్టి ఆ ప్రశ్నలో తప్పు లేదు. అంకెలు తమంతట తాము కొంచెం మెరుగుపడిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కానీ ఎవరికి మెరుగుపడుతుందో ముందుగా చెప్పే దారి లేదు. ఆగితే మాయ విడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో నీరు, కాలేయపు పొర కింద రక్తపు గడ్డ, మెదడులో రక్తస్రావం, కడుపులోనే బిడ్డ పోవడం, ఇవన్నీ ఎదురుచూస్తుంటాయి. మాయ బయటికి వచ్చేదాకా జబ్బు ఆగదు. అందుకే 34 వారాలు దాటితే తల్లిని నిలకడకి తెచ్చి వెంటనే కాన్పు చేస్తారు. అంతకు తక్కువైతే, తల్లీబిడ్డా నిలకడగా ఉంటేనే, బిడ్డ ఊపిరితిత్తుల కోసం బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ 12 మి.గ్రా. చొప్పున 24 గంటల తేడాతో రెండు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ 24 నుంచి 48 గంటల తర్వాత కాన్పు చేస్తారు. ఇంకా ఎక్కువ ఆగడం నాకు సమ్మతం కాదు.

ఆ వ్యవధి ఎదురుచూపు కాదు, పని. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్: 4 గ్రాములు నరంలోకి 20 నిమిషాల్లో, ఆ తర్వాత గంటకి 1 గ్రాము, కాన్పు అయ్యాక ఇంకో 24 గంటల దాకా. 2002లో వచ్చిన మాగ్‌పై ట్రయల్ 10,000 మందికి పైగా స్త్రీలలో దీన్ని పరీక్షించి, ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని చూపించింది. ఇస్తున్నంతసేపూ మోకాలి రిఫ్లెక్స్, నిమిషానికి ఎన్ని శ్వాసలు, గంటకి ఎంత మూత్రం అన్నవి చూస్తుండాలి. మందు బయటికి పోవాల్సింది మూత్రపిండాల ద్వారానే, ఈ జబ్బులో అవి కూడా దెబ్బతిని ఉండొచ్చు. రిఫ్లెక్స్ పోతే మందు ఆపాలి. శ్వాస మందగిస్తే కాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము నెమ్మదిగా ఇవ్వాలి, ఆ ఆంప్యూల్ మంచం పక్కనే ఉండాలి. బీపీ 160/110 దాటితే గంటలోపు దింపాలి. లాబెటలాల్ 20 మి.గ్రా. నరంలోకి, లేదా నిఫెడిపిన్ 10 మి.గ్రా. నోటితో మొదలుపెడతారు. మెదడులో రక్తస్రావం ఈ జబ్బులో తల్లుల మరణానికి ముఖ్య కారణం. ప్లేట్‌లెట్లు తక్కువున్నచోట బీపీ ఎక్కువుంటే ఆ ముప్పు రెండింతలుగా చూడాలి. సెలైన్లు ధారాళంగా ఎక్కించకూడదు, అన్నీ కలిపి గంటకి 80 మి.లీ. దాటితే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

హెల్ప్ అనగానే సిజేరియన్ అన్న అభిప్రాయం కూడా సరికాదు. నొప్పులు మొదలై, గర్భాశయ ముఖం మెత్తబడి ఉంటే మామూలు కాన్పు మంచిదే, కోత ఉండదు కాబట్టి రక్తస్రావం తక్కువ. సిజేరియన్ తప్పకపోతే ప్లేట్‌లెట్లు 50,000 లోపు ఉన్నప్పుడు ముందే ఎక్కించడానికి సిద్ధం చేసుకుంటారు. అవి త్వరగా ఖర్చయిపోతాయి కనుక కోతకి కాస్త ముందే ఎక్కించాలి. వెన్నులో మత్తుకి 70,000 పైన ఉంటే చాలామంది మత్తు వైద్యులు ఒప్పుకుంటారు, కానీ ఆ లెక్క గత ఆరు గంటల్లోది కావాలి. మాయ పడ్డాక రక్తస్రావం ఆపడానికి అలవాటుగా ఇచ్చే మెథర్జిన్ ఇక్కడ వద్దు, అది బీపీని ఎగదోస్తుంది. ప్లేట్‌లెట్లు పెరగడానికి పెద్ద మోతాదులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చేవాళ్లున్నారు. ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలో ప్లేట్‌లెట్ల అంకె త్వరగా పెరిగినట్టు తేలింది గానీ, తల్లుల మరణాలో తీవ్రమైన ఇబ్బందులో తగ్గినట్టు తేలలేదు. అందుకే దాన్ని నమ్ముకుని కాన్పు వాయిదా వేయడం ఒప్పుకోలేను.

కాన్పు అయింది, గండం గట్టెక్కలేదు

బిడ్డ పుట్టగానే అందరి చూపూ బిడ్డ వైపు తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే తల్లి అంకెలు దిగజారుతుంటాయి. ప్లేట్‌లెట్లు అడుగు తాకేది సాధారణంగా కాన్పు తర్వాత 24 నుంచి 48 గంటల మధ్య. గర్భంలో ఏ ఇబ్బందీ లేని మనిషికి కూడా మొదటి 48 గంటల్లో జబ్బు కొత్తగా మొదలుకావచ్చు, వారం దాకా ఆ అవకాశం ఉంటుంది. బాలింతకి పైపొట్ట నొప్పి వస్తే కుట్ల నొప్పి, గ్యాస్, ఆపరేషన్ అయింది కదా అనేస్తారు. కుట్లు పొత్తికడుపులో ఉన్నాయి, నొప్పి పక్కటెముకల కింద ఉంది. ఆ ఒక్క తేడా చాలు మళ్లీ రక్తం తీయడానికి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మందులు ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ చూడకుండా ఇవ్వకూడదు. పైపొట్ట నొప్పికి తోడు కుడి భుజంలో నొప్పి వచ్చి, బీపీ హఠాత్తుగా పడిపోతే కాలేయం మీది రక్తపు గడ్డ చిట్లిందేమోనని అనుమానించి వెంటనే స్కానింగ్ చేయాలి, రక్తం తెప్పించాలి, సర్జన్‌ని పిలవాలి.

ప్లేట్‌లెట్లు రెండుసార్లు వరసగా పెరిగి, ఎల్‌డీహెచ్ దిగుతున్నట్టు కనబడేదాకా 6 నుంచి 12 గంటలకోసారి పరీక్షలు సాగాలి. చాలామందిలో ఆరో రోజుకల్లా ప్లేట్‌లెట్లు 1,00,000 దాటుతాయి. బీపీ మాత్రం ఇంటికి వెళ్లాక మొదటి వారంలో మళ్లీ పెరగొచ్చు, కాబట్టి ఇంట్లో చూసుకోవడం నేర్పి పంపాలి.

ఇక డిశ్చార్జి కాగితం. చాలావాటి మీద "తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, సిజేరియన్, తల్లీబిడ్డా క్షేమం" అని మాత్రమే ఉంటుంది. ఎన్నో వారంలో మొదలైంది, ప్లేట్‌లెట్లు ఎంతకి పడ్డాయి, ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్ ఎంతకి వెళ్లాయి, బీపీ ఎప్పుడు పెరిగింది, అసలు పెరిగిందా లేదా అన్నవి రాయాలి. తర్వాతి గర్భంలో హెల్ప్ మళ్లీ వచ్చే అవకాశం తక్కువే గానీ లేకపోలేదు. ప్రీఎక్లాంప్సియా, నెలలు నిండని కాన్పు వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువ. 34 వారాల లోపే వచ్చినవాళ్లకి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డలు కట్టే ముప్పు పెంచేవి) ఉన్నాయేమో కాన్పు అయి 12 వారాలు గడిచాక చూడాలి. మళ్లీ గర్భం వస్తే మొదటి విజిట్‌లోనే ప్లేట్‌లెట్లు, ఎంజైములు, క్రియాటినిన్ చూసి రాసిపెట్టుకోవాలి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ 16 వారాల లోపే మొదలుపెట్టాలి. 2017 నాటి ఆస్ప్రీ ట్రయల్‌లో 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మి.గ్రా. ఇచ్చారు, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా సగానికి పైగా తగ్గింది. ఆస్పిరిన్ వేసుకుంటున్నా ఐదో నెల దాటాక పైపొట్ట నొప్పి వస్తే అదే రోజు రక్తం తీయాలి. కొత్త వైద్యుడికి ఆ అవసరం తట్టాలంటే పాత డిశ్చార్జి కాగితం మీద హెల్ప్ అన్న మాట, పక్కన ఆ అంకెలు ఉండాలి.